ఎవరి నోటి మాట? ఉన్నవ 'మాలపల్లి'ని పల్లెలో కూచుని చదివితే

తెలుగు నవల గురించి రాసిన ప్రతివాళ్ళూ 'మాలపల్లి' దగ్గరికి వచ్చేసరికి ఒక దండం పెట్టి ముందుకు పోతారు. మొదటి రాజకీయ నవల అంటారు. మాలవాణ్ణి కథానాయకుణ్ణి చేసిన మొదటి నవల అంటారు. రష్యా విప్లవం గాలి తెలుగులోకి మోసుకొచ్చిన నవల అంటారు. వాడుక భాషకి పట్టం గట్టిన నవల అంటారు. ఒకే పుస్తకానికి ఇన్ని 'మొదటి'లు తగిలించాక ఇంక దాన్ని చదవాల్సిన పని ఉండదు, పరీక్షలో రాస్తే చాలు. దండం పెట్టటం వేరు, చదవటం వేరు. మాకు కావలసింది రెండోది.

పై మాటల్లో చివరిదాన్ని పట్టుకుని ఈ వ్యాసం రాస్తున్నాం. 'మాలపల్లి' వాడుక భాషలో రాసిన నవల, నిజమే. ఎవరి వాడుక? ఊళ్ళో వాడుకా, పల్లెలో వాడుకా? గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పుట్టినవాళ్ళకి 'ఊరు' అంటే ఏమిటో, 'పల్లె' అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. మా జిల్లాల్లో పల్లె అంటే పాటల్లో వినిపించే పచ్చని పల్లెటూరు కాదు. ఊరికి బయట ఉండేది. మాలపల్లె, మాదిగపల్లె. ఉన్నవ తన నవలకి పేరు పెట్టినప్పుడు ఆ అర్థంలోనే పెట్టాడు. అందుకు ఆయన్ని మెచ్చుకోవాలి. పంతులుగార్ల పుస్తకాల అట్టల మీద అంతకుముందు ఆ మాటకి చోటెక్కడుంది?

ఉన్నవ లక్ష్మీనారాయణ 1877లో గుంటూరు జిల్లా సత్తెనపల్లి తాలూకా వేములూరుపాడులో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టాడు. వీరేశలింగం దారిలో నడిచి వితంతు వివాహాలు చేయించాడు. ఐర్లండు పోయి డబ్లిన్‌లో బారిస్టరు చదివాడు. అక్కడి జాతీయోద్యమ వేడి తగిలించుకుని వచ్చాడు. ఆయనా, భార్య లక్ష్మీబాయమ్మా కలిసి 1922లో గుంటూరులో ఆడపిల్లల కోసం శారదానికేతనం పెట్టారు. 1921లో పల్నాటి అడవి రైతుల మీద పుల్లరి దౌర్జన్యం జరుగుతుంటే చూసి రావటానికి పోయి అరెస్టయ్యాడు. ఏడాది శిక్ష. రాయవేలూరు జైల్లో కూచుని రాసిందే ఈ నవల. 1922లో అచ్చయింది, కాశీనాథుని నాగేశ్వరరావు పీఠిక రాశాడు. కొద్ది కాలానికే మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. 1928లో కొన్ని భాగాలు కోసేసి వదిలింది. 1936లో మళ్ళీ నిషేధించింది. 1937లో కాంగ్రెసు మంత్రివర్గం వచ్చాకగానీ పుస్తకం బయటపడలేదు. ఉన్నవ 1958 దాకా బతికాడు. ఈ మనిషి నిజాయితీని మేము శంకించటం లేదు. శంకిస్తే పని సులువవుతుంది, అంతే. నిజాయితీపరుడైన సంస్కర్త ఎంతదూరం రాగలిగాడు, ఎక్కడ ఆగిపోయాడు అని చూడటమే కష్టమైన పని.

సరిగ్గా ఆ నెలల్లోనే ఇంకోచోట ఇంకో రచయిత ఇలాంటి పనే చేస్తున్నాడు. చైనాలో లూసున్ (1881-1936) రాసిన 'ఆ క్యూ నిజ కథ' 1921 డిసెంబరు నుంచి 1922 ఫిబ్రవరి దాకా బీజింగు పత్రికలో ధారావాహికగా వచ్చింది. అది ముగిసిన ఫిబ్రవరిలోనే పల్నాడులో పుల్లరి కట్టనన్న కన్నెగంటి హనుమంతుని పోలీసులు కాల్చి చంపారు. ఆ కథకీ ఈ చావుకీ సంబంధం లేదు, కానీ కాలం ఒకటే. చైనాలో కూడా అప్పుడు భాషాయుద్ధం నడుస్తోంది. 1917లో హూషీ, చెన్ దూషియూ 'నవ యువత' పత్రికలో పాత గ్రాంథికాన్ని వదిలి జనం మాట్లాడే భాషలో రాయాలని జెండా ఎత్తారు. 1918లో లూసున్ అదే పత్రికలో 'పిచ్చివాడి డైరీ' రాశాడు. అందులో ఒక చమత్కారం ఉంది. కథకి ముందుమాట గ్రాంథికంలో ఉంటుంది, లోపలి డైరీ వాడుక భాషలో ఉంటుంది. పెద్దమనిషి మాట గ్రాంథికం, పిచ్చివాడి మాట వాడుక. నిజం చెప్పేది పిచ్చివాడు. భాష దానంతటది తటస్థంగా ఉండదనీ, ఎవరు ఏ భాషలో మాట్లాడుతున్నారన్న దాంట్లోనే అధికారం ఉంటుందనీ లూసున్‌కి తెలుసు.

మన దగ్గర ఆ యుద్ధం గిడుగు రామమూర్తి (1863-1940) చేశాడు. జయంతి రామయ్య పంతులు పక్షాన ఆంధ్ర సాహిత్య పరిషత్తు నిలబడితే గిడుగు ఒంటిచేత్తో ఎదిరించాడు. 1919లో 'తెలుగు' అని పత్రిక కూడా నడిపాడు. సవర భాష నేర్చుకుని ఆ పిల్లలకి పుస్తకాలు చేసిన మనిషి. ఆయన మీద మాకు గౌరవం ఉంది. అయితే గిడుగు అడిగిందేమిటి? 'శిష్ట వ్యావహారికం'. శిష్టులు మాట్లాడుకునే వాడుక. శిష్టులెవరు? చదువుకున్నవాళ్ళు. ఆ రోజుల్లో చదువుకున్నవాళ్ళెవరు? ఇంత చిన్న ప్రశ్న అడగటానికి తెలుగు విమర్శకి డెబ్బై ఎనభై ఏళ్ళు పట్టింది. గ్రాంథికానికీ వ్యావహారికానికీ జరిగిన పోరాటం ఒక ఇంట్లో అన్నదమ్ముల వాటాల గొడవ. పాలేరుకి అందులో భాగం లేదు. వాడు రెండు పక్షాల గొడ్లూ కాశాడు.

ఈ పరిధిలోనే ఉన్నవ నవల పుట్టింది. పరిధి దాటటానికి ప్రయత్నించింది కూడా. మంగళాపురం అనే ఊరు, దాని మాలపల్లె. రామదాసు, భార్య మహాలక్ష్మి, కొడుకులు వెంకటదాసు, సంగదాసు, రంగడు, కూతురు జ్యోతి. ఊళ్ళో ఆసామి చౌదరయ్య. చౌదరయ్య కొడుకు రామానాయుడు సంగదాసుకి స్నేహితుడు. సంగదాసు కూలివాళ్ళని కూడగడతాడు, చౌదరయ్య కోపంతో కొట్టి చంపుతాడు. వెంకటదాసు తక్కెళ్ళ జగ్గడుగా మారి ఉన్నవాళ్ళని దోచి లేనివాళ్ళకి పెడతాడు. రామదాసు కుటుంబానికి భూమి పోతుంది, జైళ్ళూ సెటిల్‌మెంటూ మిగులుతాయి. చచ్చిపోయిన సంగదాసు పేరు మీద సంగపీఠం లేస్తుంది. నవలకి 'సంగవిజయం' అనే రెండో పేరు అందుకే. స్థూలంగా కథ ఇంతే. మధ్యలో రామానాయుడి ఇంటి గొడవలు, కమల లేచిపోవటం, దాని పర్యవసానాలు చాలా పేజీలు తింటాయి. మాలపల్లె కథ చదువుదామని కూచుంటే ఊళ్ళో పెద్దింటి కథ వచ్చి మంచం మీద కూచున్నట్టుంటుంది.

రామదాసు సంగతి చూద్దాం. వైష్ణవ భక్తుడు. తాగడు, అబద్ధమాడడు, ఎవరి మీదా కోపం పెట్టుకోడు. వేదాంతం మాట్లాడతాడు. కొడుకు చచ్చినా, భూమి పోయినా కర్మ అంటాడు. అతని నోటి భాషలో గొంతు మాలపల్లెది, మాట మఠానిది. మాలల్లో అలాంటివాళ్ళు లేరా? ఉన్నారు. దాసుళ్ళు, తత్వాలు పాడేవాళ్ళు, అచల మతం పుచ్చుకున్నవాళ్ళు పల్లెపల్లెకీ ఉన్నారు. ఉన్నవ లేనివాణ్ణి కల్పించలేదు. అయితే పల్లెలో ఉన్న వందమందిలో అతన్నే ఎందుకు ఏరుకున్నాడు? ఎందుకంటే చదివేవాడు ఊళ్ళోవాడు. ఊళ్ళోవాడు మాలవాడి మీద జాలి పడాలంటే ఆ మాలవాడు ముందు బ్రాహ్మడికంటే శుచిగా ఉండాలి. హక్కు అడగాలంటే ముందు నడవడికి సర్టిఫికెట్టు పట్టుకురావాలి. చౌదరయ్యకి ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు. అతను కోపిష్టి అయినా, లోభి అయినా మనిషే. రామదాసు మాత్రం పుణ్యాత్ముడైతేనే మనిషి.

ఇక్కడే లూసున్ పనికొస్తాడు. ఆ క్యూ మంచివాడు కాడు. కూలివాడు, తాగుతాడు, జూదమాడతాడు, తన్నులు తిని గెలిచాననుకుంటాడు, తనకంటే బలహీనుల్ని తానూ ఏడిపిస్తాడు. లూసున్ అతనికి ఏ నైతిక అలంకారమూ తొడగలేదు. ఉన్న మనిషిని ఉన్నట్టు పెట్టి, ఇతన్ని ఇలా చేసిన సమాజం సంగతేమిటని అడిగాడు. కథ మొదట్లోనే ఒక ఘట్టం ఉంది. ఊరి పెద్ద జావో ఇంట్లో కొడుకు పరీక్ష పాసయ్యాడని ఆ క్యూ సంబరపడి తనదీ ఆ ఇంటిపేరేనని ఎవరితోనో అంటాడు. జావో పిలిపించి చెంప పగలగొడతాడు, ఆ పేరు పెట్టుకునే అర్హత నీకెక్కడిదని. దాంతో ఆ క్యూకి ఇంటిపేరు లేకుండా పోతుంది. చైనాలో కులం లేదు, అంటరానితనం లేదు. కానీ ఆ చెంపదెబ్బ మా పల్లెల్లో ఎవరికైనా చెప్పి చూడండి, విడమరిచి చెప్పాల్సిన పని లేదు. పేరు చివర 'అయ్య' తగిలించుకున్నందుకు, చొక్కా వేసుకున్నందుకు, చెప్పులతో బజారున నడిచినందుకు తిన్న దెబ్బల కథలు ఇక్కడ ప్రతి ఇంటా ఉన్నాయి. ఆ క్యూ కథ చివర ఇంకో ఘట్టం. చేయని దొంగతనానికి మరణశిక్ష వేస్తూ కాగితం మీద సంతకం పెట్టమంటారు. రాయటం రాదు. గుండ్రంగా సున్నా చుట్టమంటారు. చెయ్యి వణికి ఆ సున్నా వంకరపోతుంది. చావుకి కాదు, సున్నా సరిగా రానందుకు ఆ క్యూ సిగ్గుపడతాడు. ప్రామిసరీ నోటు మీద వేలిముద్ర వేయించుకుని పొలాలు రాయించుకున్న జిల్లాల్లో పుట్టినవాళ్ళం. ఆ సున్నా మాకు తెలుసు.

లూసున్ గొప్ప, ఉన్నవ తక్కువ అని తీర్పు చెప్పటానికి ఇది తేలేదు. లూసున్ ఆశ లేని కథ రాశాడు, ఉన్నవ ఆశతో రాశాడు. ఉన్నవ పుస్తకంలో కూలివాళ్ళు కూడి నిలబడతారు, ఆ క్యూ ఊళ్ళో అలాంటిదేమీ జరగదు. లూసున్‌కి లేనిదొకటి ఉన్నవకి ఉంది, జగ్గడు. రామదాసుతో కట్టేసిన నవల జగ్గడి దగ్గర తాడు తెంచుకుంటుంది. తమ్ముణ్ణి చంపితే కర్మ అని ఊరుకోని మాలవాడు తెలుగు అచ్చులోకి వచ్చాడు. ఉన్నవ గాంధీ మనిషి, జగ్గణ్ణి ఒప్పుకోలేడు. అందుకే జైల్లో పెట్టి చంపాడు. కానీ పుట్టించకుండా మాత్రం ఉండలేకపోయాడు. మద్రాసు ప్రభుత్వం పుస్తకం చూసి బెదిరింది రామదాసు వేదాంతానికి కాదుగదా! రచయిత అభిప్రాయాలకంటే పుస్తకం పెద్దదైన చోటు అది. మొత్తం నవల్లో మేము మళ్ళీ మళ్ళీ చదువుకునేవి ఆ పేజీలే.

మతం సంగతి కూడా మాట్లాడాలి, ఎందుకంటే అది భాష సంగతే. నవల్లో హరిజనోద్ధరణ అంతా హిందూ ఇంటి లోపల జరగాలి. మిషనరీల మీద ఉన్నవకి నమ్మకం లేదు. సెటిల్‌మెంటు గోడల మధ్య మతం రుద్దటం మీద ఆయన కోపంలో న్యాయం కొంత ఉంది. 1910లలో సాల్వేషన్ ఆర్మీ నడిపిన స్టువర్టుపురం అప్పటి గుంటూరు జిల్లాలోనే బాపట్ల దగ్గర ఉంది, ఆయన గాలికి రాయలేదు. అయితే ఈ నేల మీద మాలమాదిగల అసలు చరిత్ర ఏమిటి? 1842లో గుంటూరులో లూథరన్ మిషన్ మొదలైంది. ఒంగోలులో బాప్టిస్టు మిషనరీ క్లౌ 1878 జూలైలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చాడు, ఎక్కువమంది మాదిగలు. దాని ముందు రెండేళ్ళ కరువు. ఆ కరువులో బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కొంత భాగాన్ని క్లౌ కాంట్రాక్టు తీసుకుని పల్లెలకి పని పెట్టించాడు. దీన్ని 'బియ్యం కోసం మతం' అని ఎగతాళి చేయటం ఊళ్ళోవాళ్ళకి తేలిక. ఊరి బావిలో చేద వేయనీయనివాళ్ళు బియ్యం గురించి మాట్లాడటం బాగానే ఉంటుంది.

మాకు ఇక్కడ ముఖ్యమైంది బడి, బైబిలు. మాలమాదిగ పల్లెల్లో మొదటి అచ్చు పుస్తకం భారతం కాదు, కన్యాశుల్కమూ కాదు. బైబిలూ, పాటల పుస్తకమూ. ఆ తెలుగు గ్రాంథికమా? పూర్తిగా కాదు. వ్యావహారికమా? కాదు. అదొక మూడో తెలుగు. ఆదివారం నాడు చదువురాని ముసలమ్మ కూడా ఆ తెలుగులో ప్రార్థన చేస్తుంది, సోమవారం పొద్దున పత్తి చేలో పక్క సాలు మనిషితో ఇంకో తెలుగు మాట్లాడుతుంది, ఆసామి ముందు ఇంకోటి. మూడు తెలుగులు తెలిసినామెను మనం 'నిరక్షరాస్యురాలు' అని లెక్క రాస్తాం. గ్రాంథిక వ్యావహారిక వివాదం మీద ఇన్ని పుస్తకాలు వచ్చాయిగదా, ఈ మూడో తెలుగు గురించి ఎన్ని అధ్యాయాలున్నాయో వెతికి చూడండి. 1985 జూలైలో కారంచేడు చెరువు దగ్గర తాగే నీళ్ళు పాడు చేస్తున్నారని బిందె ఎత్తి ఎదిరించిన మాదిగ స్త్రీ పేరు సువార్త. ఆ పేరే ఒక సాహిత్య చరిత్ర.

సువార్త పేరుకి వెనకాల ఇంకా పాతది ఒకటుంది. ఉన్నవ పుట్టిన సత్తెనపల్లి తాలూకా పల్నాటి అంచున ఉంది. కారెంపూడిలో ఏటా కార్తీక అమావాస్యకి వీరుల ఉత్సవం జరుగుతుంది. అక్కడ పల్నాటి వీరుల కథ పాడే వీరవిద్యావంతులు మాలలు. కత్తి పట్టుకుని రాత్రిళ్ళు పాడతారు. ఆ కథలో బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టాడు, మాల కన్నమదాసు సేనాని అయ్యాడు. పండితులకి పల్నాటి వీరచరిత్ర అంటే శ్రీనాథుడి పేరున ఉన్న ద్విపద, అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చు వేసింది. విద్యావంతుల నోటిలో ఉన్న కథని రికార్డు చేసి పుస్తకంగా తెచ్చింది ఎవరు? జీన్ రోగేర్ అనే అమెరికన్. 1982లో. పాడిన గాయకుడు అలిసెట్టి గాలేయ్య, మాల. అంటే ఏమిటి? వేములూరుపాడుకి నడిచి పోయేంత దూరంలో మాలల నోట ఒక మహాకావ్యం వందల ఏళ్ళుగా వాడుక తెలుగులో బతుకుతోంది. దాన్ని ఎవరూ 'వ్యావహారిక భాషా సాహిత్యం' అనలేదు. జానపదం అన్నారు. శిష్టుడు వాడుకలో రాస్తే సాహిత్య విప్లవం, మాలవాడు వాడుకలో పాడితే జానపదం. ఉన్నవకి ఈ కథ తెలియనిది కాదు. 'నాయకురాలు' నాటకం రాసినవాడు. పల్నాటి కథలోంచి ఆయన తీసుకుంది నాగమ్మని. మాలపల్లి నవలకి కన్నమదాసుని పాడే గొంతు దొరికి ఉంటే రామదాసు అంత వేదాంతం మాట్లాడేవాడా? ఊహే. కానీ అడగదగిన ఊహ.

నవల రాసిన ఆ ఏడాదుల్లో దళితులు తమకుతాము ఏం మాట్లాడుతున్నారో కూడా పక్కన పెట్టుకు చూడాలి. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన సభ జరిగి, పంచములు కాదు ఆది ఆంధ్రులం అని పేరు మార్చుకున్నారు. తెల్లదొరతనం వద్దని గరిమెళ్ళ పాడితే, 1921లో కుసుమ ధర్మన్న 'మాకొద్దీ నల్లదొరతనము' అని ఎదురు పాడాడు. ఆ ఒక్క పేరులోనే మాలపల్లికి అందని రాజకీయం ఉంది. చౌదరయ్య చెడ్డవాడు కాబట్టి గొడవ వచ్చిందనదు ఆ పాట. రామానాయుడు మంచివాడు కాబట్టి తీరుతుందనీ అనదు.

జాషువా సంగతి దీనికి తలకిందులు. వినుకొండలో 1895లో పుట్టాడు. వాడుక భాష జెండా ఎగురుతున్న రోజుల్లో ఆయన ఛందస్సు పట్టుకున్నాడు, 'గబ్బిలం' (1941) పద్యంలో రాశాడు. పండితుల సభల్లో అవమానం మింగి వాళ్ళ ఆయుధంతోనే వాళ్ళని ఓడించాడు. అభ్యుదయ విమర్శకులు దీన్ని కొంచెం వెనకబాటుతనంగా లెక్కగట్టేవారు, ఇంకా పద్యమేనా అని. ఒక్కసారి ఆలోచించండి. బ్రాహ్మడు పద్యం వదిలేస్తే త్యాగం, సంస్కరణ. పద్యం రానివాడని అతన్ని ఎవరూ అనరు. మాదిగ తల్లి కొడుకు వాడుకలో రాస్తే, పాపం వాడికి వచ్చింది అంతే అంటారు. వదులుకోవటానికైనా ముందు చేతిలో ఉండాలిగదా. ఉన్నవ వాడుక భాషలోకి దిగి వచ్చాడు. జాషువా పద్యంలోకి ఎక్కి వెళ్ళాడు. ఇద్దరూ ఒకే జిల్లావాళ్ళు, ఒకే మెట్ల మీద ఎదురుపడ్డారు. దిగేవాడికి చప్పట్లు, ఎక్కేవాడికి వంకలు.

తర్వాత జరిగింది ఇంకా తమాషా. ఈ కోస్తా జిల్లాల వాడుకే పత్రికల తెలుగయింది, సినిమా తెలుగయింది, పాఠ్యపుస్తకాల తెలుగయింది. రెండున్నర జిల్లాల భాషని మా నెత్తిన రుద్దారని తెలంగాణ రచయితలు అన్నారు. ఆ మాట న్యాయమే. అయితే ఆ రెండున్నర జిల్లాల్లోని మాలమాదిగల భాష కూడా ఆ తెలుగులో లేదు. గుంటూరు భాష గెలిచిందని పేరు, గెలిచింది గుంటూరు ఊరి భాష. మిరప కల్లంలో తాలుకాయలు ఏరే ఆడవాళ్ళ మాట, పత్తి తీసేటప్పుడు వరసలు కలుపుకుని పాడుకునే మాట, యార్డులో టిక్కీలు మోసే ముఠావాళ్ళ మాట, పల్లె నుంచి హాస్టలుకి వచ్చిన పిల్లవాడి మాట, ఇవి సినిమాలో నవ్వించటానికి వస్తాయి. తరగతి గదిలో దిద్దించుకోవటానికి వస్తాయి. బయటివాళ్ళ లెక్కలో మేము పెత్తనం చేసే భాష వాళ్ళం, ఊళ్ళోవాళ్ళ లెక్కలో భాషే సరిగా రానివాళ్ళం.

ఇది సాహిత్య చర్చ మాత్రమే అయితే ఇంత వేడి అక్కర్లేదు. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. పదహారేళ్ళకి, 2007లో, చుండూరులోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. చూసినవాళ్ళు చెప్పిన మాట పోలీసు చేతిలో ఒక రకం తెలుగవుతుంది, కోర్టులో ఇంగ్లీషవుతుంది, పైకోర్టుకి పోయేసరికి అది ఎవరి మాటో చెప్పినవాళ్ళే గుర్తుపట్టలేరు. పల్లెలో పొద్దు ఎక్కటాన్ని బట్టి, గొడ్లు తోలే వేళని బట్టి కాలం చెప్తారు. కాగితం మీద గంటా నిమిషమూ పడతాయి. ఎవరి నోటి మాట ఎవరి చేతి రాతలో నిలబడుతుందన్నది ఇక్కడ ప్రాణాల లెక్క.

కారంచేడు తర్వాత చీరాల శిబిరంలో దళిత మహాసభ పుట్టింది. దాని వెనకే 90ల్లో కవిత్వం లేచింది. 'చిక్కనవుతున్న పాట' 1995లో వచ్చింది. నరసరావుపేట నుంచి మద్దూరి నగేష్‌బాబు, ఒంగోలు వైపు నుంచి పైడి తెరేష్‌బాబు, వీళ్ళు ఉన్నవలా పైనుంచి దిగి రాలేదు, జాషువాలా మెట్లెక్కి వెళ్ళలేదు. పల్లెలో నిలబడి అక్కడి తిట్టుతో, అక్కడి వెక్కిరింతతో, అక్కడి ప్రార్థన మాటలతో రాశారు. తిట్లు కవిత్వమా అని కొందరు అప్పుడు ముక్కు మూసుకున్నారు. తిట్టు తినీ తినీ దాని బరువు తెలిసినవాడికంటే బాగా దాన్ని ఎవరు వాడతారు?

నవలకి జవాబు నవలే చెప్పాలి. అది 2000లో వచ్చింది, ప్రకాశం జిల్లావాడైన జి. కళ్యాణరావు 'అంటరాని వసంతం'. మాలపల్లికి 78 ఏళ్ళ తర్వాత. ఎన్నెలదిన్ని అనే ఊరి పల్లెలో మొదలై ఎల్లన్న, సుభద్ర, శివయ్య, ఇమ్మానుయేలు, రూతుల మీదుగా తరాల కథ నడుస్తుంది. దాన్ని మోసేది రూతు జ్ఞాపకం. పేర్లు చూడండి, ఎల్లన్న నుంచి రూతు దాకా. ఉన్నవ అనుమానంతో చూసిన మతమార్పిడి ఇక్కడ కరువులోంచి, కాలవ తవ్వకంలోంచి, మనుషుల లోపల్నుంచి కనిపిస్తుంది, దాని మోసాలతో సహా. ఎల్లన్న పాట కట్టేవాడు, వీధిభాగోతం ఆడేవాడు. రామదాసులాగా పుణ్యాత్ముడు అయి మన్నన సంపాదించుకోడు, పాట వల్ల మనిషి. పల్లెలో కళ ఉందనీ, ఊరు దాన్ని చరిత్రలోకి రానివ్వలేదనీ నవల మొత్తం ఒక వాదం. అప్పుడప్పుడూ ఆ వాదం కథ భుజం మీద చెయ్యి వేసి తోస్తుంది, ఆ బరువు మాకు కొంచెం ఎక్కువనిపించింది. అయినా భాష విషయంలో అది చేసిన పని ఉన్నవ చేయలేనిది. మాలపల్లిలో కథ చెప్పే గొంతు ఒక చోట, పాత్రల గొంతు ఇంకో చోట ఉంటాయి. చెప్పేవాడు ఊళ్ళో కూచుని పల్లెలోకి చూస్తుంటాడు. అంటరాని వసంతంలో చెప్పే గొంతే పల్లెలో ఉంది. వాక్యం చిన్నది, తెగుతుంది, మళ్ళీ మొదటికి వస్తుంది, ముసలమ్మ కథ చెప్పినట్టు.

ఇంకొక మాట దాటేసి పోలేము. ఉన్నవ 'మాలపల్లి' అన్నాడు, మంగళాపురం మాదిగపల్లె కథ ఎవరు రాశారు? 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా మొదలైనప్పుడు ఈ ప్రశ్న సాహిత్యంలోకి కూడా వచ్చింది. వర్గీకరణ చట్టాన్ని 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది, 2024 ఆగస్టు 1న అదే కోర్టు రాష్ట్రాలు వర్గీకరించుకోవచ్చని చెప్పింది. కోర్టులో అది తేలింది. పుస్తకాల్లో తేలలేదు. నాగప్పగారి సుందర్రాజు 1997లో 'మాదిగోడు' అని కథల పుస్తకానికి పేరు పెట్టుకున్నాడు, అది కర్నూలు సీమ తెలుగు. ఇక్కడి పత్తి, మిరప చేలల్లో మాదిగ కూలివాళ్ళ తెలుగుకి మాలపల్లి అంత లావు నవల ఇంకా రాలేదు. వేములూరుపాడు నుంచి ఈదుముడి దాకా పల్లెల్లో డప్పు మీద పాడేవాళ్ళు, తోలు పని మాటలు తెలిసిన ముసలివాళ్ళు ఒక్కొక్కరే పోతున్నారు. గాలేయ్య పాటని అమెరికా నుంచి వచ్చినవాడు రికార్డు చేశాడు. ఈ పాటల్ని రికార్డు చేసే పని మన విశ్వవిద్యాలయాల తెలుగు శాఖల్లో పిహెచ్.డి. చేస్తున్న దళిత విద్యార్థులే ఎత్తుకోవాలి. గైడు ఒప్పుకోకపోయినా.